పది డైరీలు, ఒక్కడే పిల్లాడు

నాచారంలో మా ఇంటి అటక మీద పాతిక కిలోల బియ్యం సంచి ఒకటి ఉండేది. అందులో మా పెద్దోడి స్కూలు డైరీలు. యూకేజీ నుంచి తొమ్మిదో తరగతి దాకా మొత్తం పది. ఏటా వేసవి సెలవులు రాగానే ఆ ఏటి డైరీని అందులో పడేసేదాన్ని. ఎందుకు దాస్తున్నానో నాకూ సరిగా తెలియదు. నేనొక చిన్న కంపెనీలో లెక్కలు రాస్తాను. రాసి ఉన్న కాగితం పారెయ్యాలంటే చెయ్యి రాదు, అంతే.

మూడేళ్ల కిందట, దసరా సెలవులు అయిపోయి స్కూలు తెరిచిన రోజు, వాడు మంచం దిగలేదు. జ్వరం లేదు, కడుపునొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. వారం గడిచింది. అన్నం పెడితే రెండు ముద్దలు. స్నానం చెయ్యమంటే దుప్పటి మొహం మీదికి లాక్కునేవాడు. మా అత్తమ్మ దిష్టి తీసింది. మా ఆయన మొదట కోప్పడ్డాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత ఏమీ అనడం మానేసి, రాత్రి షిఫ్టు నుంచి వచ్చి వాడి మంచం పక్కన చాప వేసుకుని పడుకునేవాడు. మూడో వారంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె వాడితో విడిగా చాలాసేపు మాట్లాడి, నన్ను లోపలికి పిలిచి, డిప్రెషన్ అని చెప్పింది. వెంటనే నేను ఊహించని ప్రశ్న వేసింది.

“ఫస్ట్ క్లాసులో ఎట్లుండేవాడమ్మా?”

పద్నాలుగేళ్ల పిల్లాడు తిండి మానేసి పడుకుంటే ఆరేళ్లప్పటి ముచ్చట ఎందుకనిపించింది. “మస్తు అల్లరి మేడం. కానీ ఇప్పుడు తగ్గిపోయింది” అన్నాను. ఆమె రాసుకుంటున్న పెన్ను ఆపింది. “ఎప్పటి నుంచి తగ్గింది?” చెప్పలేకపోయాను. ఆ రాత్రి అటక మీది సంచి దింపాను.

హాల్లో బండల మీద డైరీలన్నీ వరసగా పరిచి కూర్చున్నాను. యూకేజీలో: కుదురుగా కూర్చోడు, పక్క పిల్లల టిఫిన్ డబ్బాలు తెరుస్తాడు. ఒకటి, రెండు తరగతుల్లో: పని సగంలో వదిలేస్తాడు, పెన్సిలు, రబ్బరు రోజూ పోగొడతాడు. మూడులో: మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు. నాలుగులో: ఎదురు మాట్లాడుతున్నాడు, తల్లిదండ్రులు వచ్చి కలవాలి. ఐదులో: కావాలనే మాట వినడు, తప్పు పక్కవాళ్ల మీదికి నెడతాడు. ఆరులో: తోటి పిల్లాణ్ని కంపాస్ డబ్బాతో కొట్టాడు, మూడు రోజులు స్కూలుకు పంపొద్దు. ఏడో తరగతి డైరీ ఖాళీ. అది కరోనా ఏడాది, చదువంతా ఫోన్‌లోనే. ఎనిమిదో తరగతి డైరీలో ఎర్ర సిరా ఒక్కచోట కూడా లేదు. తొమ్మిదిలో మొదటి నాలుగు నెలలూ అంతే.

ప్రతి రిమార్కు కిందా నా సంతకం ఉంది. ఎనిమిదో తరగతిలో రిమార్కులు రాలేదని మేమిద్దరం ఎంత సంబరపడ్డామో నాకు గుర్తుంది. బుద్ధొచ్చిందనుకున్నాం. మా ఆయన ఆ దసరాకు వాడికి సైకిల్ కొన్నాడు. ఆ ఖాళీ పేజీలు తిరగేస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఎర్ర సిరా ఉన్న ఏళ్లలో వాడి కష్టం కనీసం బయటికి వినపడేది.

రెండో తరగతి టీచరమ్మ వాడిని “హైపర్” అంది. ఐదో తరగతిలో ఒక కౌన్సెలర్ “ఎదురుతిరిగే సమస్య” అని చెప్పి, మాకు క్రమశిక్షణ గురించి క్లాసు తీసుకుంది. ఆరులో పీఈటీ సారు అందరి ముందూ “రౌడీ” అన్నాడు. తొమ్మిదిలో డిప్రెషన్ అని తేలింది. నాలుగు పేర్లు. మొదటి ముగ్గురూ తమ కళ్ల ముందున్న ఏడాదినే చూశారు. మేమూ అంతే. డాక్టరమ్మ ఒక్కతే వెనక పేజీ తిప్పమంది. మా లెక్కల పనిలో ఏప్రిల్ 1న కొత్త పుస్తకం తెరిస్తే, నిరుటి క్లోజింగ్ బ్యాలెన్సే మొదటి గీత మీద ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా వచ్చి కూర్చోవాలి. అది తప్పితే ఏడాది పొడుగునా ఏ మొత్తం సరిపోదు. మన పిల్లల ప్రవర్తన విషయంలో మనం ఏటా జూన్‌లో సున్నాతో పుస్తకం తెరుస్తున్నాం. నా వాదనంతా దీని మీదే.

ముందు కొన్ని సంగతులు. ఆ డైరీలు చూశాక, డిప్రెషన్ వెనక ఉన్నది ఏడీహెచ్‌డీ అని తేలింది. ఏడీహెచ్‌డీ అనే మాట ఇప్పుడు హైదరాబాద్‌లో అందరి నోటా ఉంది, కానీ ఎక్కువమంది దాన్ని అల్లరికి ఇంకో పేరనుకుంటారు. ధ్యాసను కావలసినచోట నిలపడం, చెయ్యబోయే పనిని ఒక్క క్షణం ఆపి చూసుకోవడం, ఒంటిని కుదురుగా ఉంచుకోవడం, వీటిలో వయసుకు తగ్గ పట్టు రాకపోవడం అది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన, మానసిక సమస్యలను నిర్ధారించే పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం ఆ లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి, ఇల్లు, బడి లాంటి కనీసం రెండు చోట్ల కనిపించాలి. అంటే పద్నాలుగేళ్ల పిల్లాడిలో దీన్ని నిర్ధారించాలంటే వాడి బాల్యం తెలిసి తీరాలి. డాక్టరమ్మ ప్రశ్నకు అర్థం అదే. నా బియ్యం సంచికి విలువ వచ్చిందీ అక్కడే.

ఇది ఒంటరిగా రావడం తక్కువ. ఉత్తర అమెరికాలో 7 నుంచి 9 ఏళ్ల వయసున్న 579 మంది ఏడీహెచ్‌డీ పిల్లల మీద ఎంటీఏ పేరుతో పెద్ద పరిశోధన జరిగింది, 1999లో ఫలితాలు వచ్చాయి. ఆ పిల్లల్లో కేవలం ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్నవాళ్లు సుమారు మూడో వంతు. దాదాపు 40 శాతం మందికి దాంతోపాటు ఓడీడీ, అంటే పదే పదే కోపగించుకోవడం, వాదించడం, ఎదురుతిరగడం ఉంది. మూడో వంతుకు పైగా పిల్లలకు యాంగ్జయిటీ ఉంది. కొట్టడం, దొంగతనం, వస్తువులు పగలగొట్టడం, ఇల్లు విడిచి పోవడం దాకా వెళ్లే కండక్ట్ డిజార్డర్ 14 శాతం మందికి ఉంది. ఇవి ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల అంకెలు. ఈ పరిస్థితిలో “మావాడికి అదా, ఇదా?” అని అడగడంలోనే పొరపాటు ఉంది. నేను ఐదేళ్లు ఆ ప్రశ్నే అడిగాను.

ఎందుకిలా కలిసి వస్తాయి? కొంత పుట్టుకతోనే. ఒకే జన్యు ప్రభావం రెండు మూడు సమస్యలకు దారి తీస్తుంది. కొంత లక్షణాల పోలిక వల్ల. చదువు మీద ధ్యాస లేకపోవడం ఏడీహెచ్‌డీలోనూ ఉంటుంది, దిగులులోనూ ఉంటుంది, నిద్ర చాలని పిల్లాడిలోనూ ఉంటుంది. చిరాకు వీటన్నిటిలో ఉంటుంది. అయితే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇంకోటి. ఒక సమస్య నుంచి మనుషుల మధ్య ఇంకో సమస్య పుడుతుంది. అది నా వంటింట్లోనే జరిగింది కాబట్టి ఆ సాయంత్రాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను.

వాడు నాలుగో తరగతి. రాత్రి ఎనిమిది. నేను ఆఫీసు నుంచి వచ్చి కుక్కర్ పెట్టాను. వాడు చాప మీద హోంవర్క్ ముందేసుకుని పెన్సిలు కొన కొరుకుతున్నాడు. పదకొండు లెక్కలు చెయ్యాలి, రెండు అయ్యాయి. ఫోన్ ఇవ్వమన్నాడు. పని అయ్యాక అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. మూడోసారి పుస్తకం గోడకేసి కొట్టాడు. నేను అరిచాను. వాడు నాకంటే గట్టిగా అరిచాడు. కింది పోర్షన్ వాళ్ల టీవీ సౌండు తగ్గింది, వింటున్నారని తెలుస్తోంది. కుక్కర్ మూడో విజిల్ వేసింది. “తీస్కో, ఏమన్నా చేసుకో” అని ఫోన్ వాడి చేతిలో పెట్టాను. ఇల్లు ఒక్కసారిగా చల్లబడింది.

గట్టిగా అరిస్తే అమ్మ దిగొస్తుందని వాడికి ఆ రాత్రి తెలిసింది. ఇచ్చేస్తే అరుపు ఆగుతుందని నాకు తెలిసింది. ఇంకొన్ని రాత్రులు ఫోన్ ఇవ్వకుండా చెయ్యి చేసుకున్నాను. అప్పుడూ ఇల్లు చల్లబడింది. కొడితే పని జరుగుతుందని నేను నేర్చుకున్నాను, బలమున్నవాడిదే గెలుపని వాడు నేర్చుకున్నాడు. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మానసిక శాస్త్రవేత్త ఇళ్లలోకి మనుషులను పంపి ఇలాంటి తగాదాలను నిమిషం నిమిషం రాయించాడు. తల్లీబిడ్డలు ఇలా ఒకరినొకరు బలవంతపు మాటల్లోకి లాక్కుంటూ పోవడం వల్లే చిన్నప్పటి దుడుకుతనం పెద్ద గొడవగా ముదురుతుందని ఆయన 1980ల్లోనే వివరించాడు. ఓడీడీకి ముందుగా ఇచ్చే చికిత్స తల్లిదండ్రులకు శిక్షణ అని తెలిసినప్పుడు నాకు మొదట రోషం వచ్చింది. తప్పు నాదే అన్నట్టు వినిపించింది. తర్వాత అర్థమైంది. ముడి వేసిన చేతులు నాలుగు. అందులో పెద్దవి నావి, కాబట్టి విప్పడం నా దగ్గర మొదలవుతుంది.

ఇంటి బయటా అదే వరస. గల్లీ క్రికెట్‌లో తన వంతు వచ్చేదాకా ఆగలేక బ్యాటు లాక్కునేవాడు. ఔటైతే ఒప్పుకునేవాడు కాదు. నాలుగు నెలల్లో పిల్లలు వాడిని పిలవడం మానేశారు. బాల్కనీలో నిలబడి వాళ్ల ఆట చూసేవాడు. ఆరో తరగతిలో వాడిని పిలిచినవాళ్లు ఇద్దరే, వాళ్లు తొమ్మిదో తరగతి పిల్లలు, బడి ఎగ్గొట్టి తిరిగేవాళ్లు. వాడు వాళ్ల వెంట వెళ్లాడు. తోటి పిల్లలు వెలివేసిన పిల్లాణ్ని చేరదీసేది తమలాగే వెలి అయినవాళ్లు. చెడు సావాసం పట్టాడని మేం వాడిని తిట్టాం. మంచి సావాసం తలుపు మూసుకున్న సంగతి మాకు తట్టలేదు.

ఇక కోపం సంగతి. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నా కొడుకు తొమ్మిదో తరగతికి దారి ఇక్కడి నుంచే వెళ్లింది. మనం మొండితనాన్నీ చిరాకునూ ఒకే గాటన కడతాం. అర్గిరిస్ స్ట్రింగారిస్, రాబర్ట్ గుడ్‌మన్ అనే ఇద్దరు లండన్ పరిశోధకులు బ్రిటన్ పిల్లల మీద చేసిన పనిని 2009లో ప్రచురించారు. ఎదురుతిరిగే పిల్లల్లో మూడు పోగులు వాళ్లకు కనిపించాయి. చెప్పింది చెయ్యనని భీష్మించుకునే మొండితనం ఒకటి. చిన్నదానికే భగ్గుమనే చిరాకు ఒకటి. పగబట్టి బాధపెట్టడం ఇంకోటి. కొన్నేళ్ల తర్వాత చూస్తే, చిరాకు పోగు బలంగా ఉన్న పిల్లల్లో దిగులు, ఆందోళన ఎక్కువగా వచ్చాయి. మొండితనం పోగు ఏడీహెచ్‌డీ, కండక్ట్ సమస్యల వైపు నడిచింది.

ఇది చదివిన రోజు నాలుగు, ఐదు తరగతుల డైరీలు మళ్లీ తీశాను. “ఎదురు మాట్లాడుతున్నాడు” అని పదకొండుచోట్ల ఉంది. ఎందుకు, ఏ సమయంలో, ఏం జరిగాక అన్నది ఒక్కచోటే ఉంది: డిక్టేషన్ మార్కులు చదివాక పుస్తకం చించాడు. వాడికి తెలుగు డిక్టేషన్‌లో ఒత్తులన్నీ ఎగిరిపోయేవి. ఇరవైకి మూడు, నాలుగు వచ్చేవి. మార్కులు పైకి చదివేవాళ్లు. ఆ కోపం టీచరమ్మ మీద కాదు. తన మీద తనకు పట్టలేని అసహ్యం అలా బయటికొచ్చింది. కరోనా ఏడాది ఇంట్లో, తలుపేసుకున్న గదిలో, కొట్టడానికి ఎవరూ లేక, తిట్టడానికి ఎవరూ లేక, అది లోపలికి తిరిగింది. ఎనిమిదో తరగతి డైరీ తెల్లగా ఉండటానికి కారణం అది. పైగా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో వయసు పెరిగేకొద్దీ ఎగరడం, దూకడం మామూలుగానే తగ్గుతాయి, ధ్యాస నిలవకపోవడం, లోలోపలి కుదురులేనితనం చాలామందిలో మిగులుతాయి. తొమ్మిదిలో చదువు బరువు రెట్టింపవుతుంది. వాడు మోయలేకపోయాడు.

మా ఇంట్లో ఈ పదేళ్లూ రెండు మాటలు రాజ్యమేలాయి. ఒకటి మా అత్తమ్మది: “మగపోరడు, గింత అల్లరి చెయ్యకపోతె ఎట్ల? పెద్దగైతె అదే పోతది.” రెండోది బంధువులది, ఎక్కువగా నా వెనక అన్నది: “తల్లి ఉద్యోగానికి పోతది, పెంపకం ఎవరు చూస్తరు?” రెండూ ఒకదానికొకటి విరుద్ధం, అయినా ఒకే నోటి నుంచి ఒకే పండగ రోజు విన్నాను.

పెంపకం మాటకు జవాబు సగం ఇంట్లోనే దొరికింది. కవలల మీద జరిగిన పరిశోధనల్లో, పిల్లలకూ పిల్లలకూ మధ్య ఏడీహెచ్‌డీ లక్షణాల్లో ఉండే తేడాకు 70 నుంచి 80 శాతం దాకా జన్యువులే కారణమని తేలింది. డాక్టరమ్మ ఆ లక్షణాలు ఒక్కొక్కటీ చెబుతుంటే మా ఆయన కుర్చీలో ముందుకు వంగి, “ఇది నా కథనే గద మేడం” అన్నాడు. బండి తాళాల కోసం రోజూ పొద్దున ఇల్లంతా తిరిగే మనిషి, టెన్త్‌లో మూడుసార్లు తన్నులు తిని చదువు మానేసిన మనిషి. నలభై ఆరేళ్లు వచ్చాక ఆయనకు తన చిన్నతనం కొంచెం అర్థమైంది. ఆ రోజు నుంచి కొడుకు మీద ఆయన గొంతు మారింది. నేను చూసిన పెద్ద మందు అది.

మిగతా సగం జవాబు అమెరికాలోని నార్త్ కరొలైనా కొండల నుంచి తెస్తాను. అక్కడ జేన్ కాస్టెల్లో బృందం 1,420 మంది పిల్లలను 1993 నుంచి ఏటా గమనిస్తూ వచ్చింది. వాళ్లలో అమెరికా ఆదివాసులైన చెరోకీ తెగ పిల్లలున్నారు. పరిశోధన సగంలో ఉండగా ఆ తెగవాళ్ల భూమిలో క్యాసినో తెరుచుకుని, లాభంలో వాటా తెగలో ప్రతి ఒక్కరికీ అందింది. పేదరికం నుంచి బయటపడ్డ ఇళ్లలో పిల్లల ఎదురుతిరగడం, కండక్ట్ సమస్యలు ఎన్నడూ పేదరికం ఎరుగని పిల్లల స్థాయికి తగ్గాయి. దిగులు, ఆందోళన మాత్రం పెద్దగా కదల్లేదు. 2003లో ఈ ఫలితాలు వచ్చాయి. పరిశోధకులకు కనిపించిన ముఖ్య కారణం, తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకుని ఉండే తీరిక దొరకడం. చర్లపల్లి ఫ్యాక్టరీలో షిఫ్టు, నాకు రెండు బస్సుల ప్రయాణం, ఇంట్లో మోకాళ్ల నొప్పుల ముసలామె: మా ఇంట్లో లేనిది ప్రేమ కాదు, తీరిక. ఉద్యోగం చేసే తల్లిని నిలదీసేవాళ్లు ఆ తీరికను ఎవరు ఎలా హరించారని అడగాలి.

“పెద్దగైతె పోతది” అన్న మాటను నేను కొట్టిపారెయ్యను. అందులో నిజం ఉంది, కానీ ఎవరి విషయంలో నిజమో తెలియాలి. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ ఊళ్లో 1972–73లో పుట్టిన 1,037 మందిని పసితనం నుంచి ఇప్పటిదాకా గమనిస్తున్నారు. ఆ పని ఆధారంగా టెర్రీ మాఫిట్ అనే మానసిక శాస్త్రవేత్త 1993లో ఒక మాట చెప్పింది. దుడుకు పిల్లలు రెండు రకాలు: మూడు నాలుగేళ్ల నుంచే మొదలై, చదువులో వెనకబాటు, ఇంట్లో ఒత్తిడి తోడై పెద్దయ్యాకా కొనసాగేవాళ్లు కొద్దిమంది. పన్నెండు, పదమూడేళ్లకు మొదలై, తోటివాళ్లను చూసి చేసి, ఇరవైల్లో సర్దుకునేవాళ్లు చాలామంది. తర్వాతి ఏళ్లలో ఈ విభజనకు చాలా సవరణలు వచ్చాయి, రెండో రకం వాళ్లూ పూర్తిగా దెబ్బ తగలకుండా బయటపడరని తేలింది. అయినా అసలు సంగతి నిలిచింది. పద్నాలుగేళ్ల ఇద్దరు పిల్లలు ఒకే కిటికీ అద్దం పగలగొట్టి ప్రిన్సిపల్ ముందు నిలబడితే వాళ్లిద్దరి మధ్య తేడా ఆ రోజు కనపడదు. అది యూకేజీ డైరీలో ఉంటుంది.

అదే డ్యునెడిన్ బృందం 2003లో చెప్పిన ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. 26 ఏళ్లకు మానసిక సమస్య ఉన్నవాళ్లలో సగం మందికి 15 ఏళ్ల లోపే, మూడొంతుల మందికి 18 లోపే ఏదో ఒక సమస్య నిర్ధారణ అయింది. పెద్దయ్యాక వచ్చిన సమస్య ఏదైనా సరే, దిగులు కానీ, ఆందోళన కానీ, మత్తు కానీ, అది ఉన్నవాళ్లలో 25 నుంచి 60 శాతం మంది చిన్నప్పుడు ఓడీడీ లేదా కండక్ట్ సమస్య ఉన్న పిల్లలే. మనం “మొండిఘటం” అని వదిలేసే పిల్లాడి ముందు ఇన్ని దారులున్నాయి. అయితే చిన్నప్పుడు అలా ఉన్నవాళ్లలో ఎక్కువమంది పెద్దయ్యాక కూడా అలాగే మిగిలిపోరు. దీన్ని 1960ల్లోనే లీ రాబిన్స్ అనే అమెరికా పరిశోధకురాలు చూపించింది. ఈ వాక్యాన్ని ఆరో తరగతి డైరీ లోపలి అట్ట మీద రాసుకున్నాను.

ఇప్పుడు మన ఊరి సంగతి. హైదరాబాద్‌లో ఒక మామూలు పిల్లాడి చదువు దారి చూడండి. గల్లీలో ప్లేస్కూలు, అక్కడి నుంచి ఇంకో స్కూలు, ఫీజు పెరిగితే మరో స్కూలు. ఐదు దాకా ఒకే క్లాసు టీచరు రోజంతా చూస్తుంది కాబట్టి కనీసం ఒక మనిషికి పిల్లాడు పూర్తిగా తెలుస్తాడు. ఆరు నుంచి సబ్జెక్టుకొక సారు. ఒక్కొక్కరికీ నలభై నిమిషాల పిల్లాడే కనిపిస్తాడు. టెన్త్ అవగానే ఇంటర్. పదిహేనేళ్లకు, అంటే దిగులు ముదిరే వయసులో, కొత్త కాలేజీ, తరచూ హాస్టల్, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. ఈ ప్రతి గడప దగ్గరా పిల్లాడి చరిత్రలో ఒకే ముక్క చేతులు మారుతుంది. టీసీ, దాంతో బోనఫైడ్ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్. అందులో ప్రవర్తన గురించి ఒక్క మాట: “శాటిస్‌ఫ్యాక్టరీ”. మా వాడి సర్టిఫికెట్లోనూ అదే ఉంది. కొట్టి సస్పెండైన ఏడాది, మంచం దిగని ఏడాది, అన్నీ కలిపి ఆ ఒక్క మాట.

సర్కారు ఏమీ చెయ్యలేదనను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించే సమస్యల్లో ఏడీహెచ్‌డీ, నేర్చుకోవడంలో ఇబ్బంది రెండూ ఉన్నాయి. కానీ ఆరు దాటిన పిల్లల్లో అది చూసేది సర్కారు, ఎయిడెడ్ బళ్లనే. ఈ నగరంలో ఇన్ని లక్షల మంది చదివే ప్రైవేటు బళ్లు దాని చూపులో లేవు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంది, ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీ పేరు లేదు. మా వాడికి ఏడీహెచ్‌డీతోపాటు నేర్చుకోవడంలో ఇబ్బందీ ఉంది కాబట్టి దాని పేరు మీద వైకల్య సర్టిఫికెట్‌కు దారి దొరికింది. ఒక్క ఏడీహెచ్‌డీయే ఉన్న పిల్లాడి తల్లి ఏం పట్టుకుని అడగాలి? బళ్లో పిల్లలను కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఇరవైకి మూడు మార్కులని తరగతి ముందు చదవడం వేధింపు కిందికి రాదని ఇప్పటికీ ఎంతమంది టీచర్లు నిజంగా నమ్ముతున్నారు. ఇక లెక్కలు చూద్దామంటే, నిమ్హాన్స్ చేసిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు.

నేను అడుగుతున్నది పెద్ద ఖర్చు పనేం కాదు. టీసీతో పాటు ఒక పేజీ వెళ్లాలి. ఈ పిల్లాడికి ఏది కష్టం, ఏది మొదలైతే గొడవ ముదురుతుంది, ఏం చేస్తే సర్దుకుంటాడు, ఏ వయసులో ఏం మారింది. అంతే.

దీనికి మా మరిది ఎదురు చెప్పాడు, అది తీసిపారేసే మాట కాదు. “గిట్ల ఫైల్ కట్టుకోని పోతె రేపు ఎవడన్న సీటిస్తడా వదినా?” ఈ ఊళ్లో కోపమొస్తే మనిషిని “ఎర్రగడ్డకు పంపాలె” అంటారు. అక్కడ ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల, ఎన్నో ఇళ్లను నిలబెట్టిన చోటు, కానీ దాని పేరు మన నోట్లో తిట్టయింది. అలాంటి ఊళ్లో కాగితం మీద జబ్బు పేరు రాసుకుని తిరగడం ప్రమాదమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది, దాన్ని బడి గేటు దాకా ఎవరు తెస్తారు? అందుకే ఆ పేజీలో జబ్బు పేరు అక్కర్లేదంటాను. తరగతిలో మూడుసార్లు పిలవండి, మార్కులు పైకి చదవకండి, కోపమొస్తే ఐదు నిమిషాలు బయట నడవనివ్వండి. ఇంతే రాయాలి. ఎటూ ముద్ర పడక మానదు. మా వాడి మీద పదకొండేళ్లకే పడింది, పీఈటీ సారు మాటతో. దానికంటే నిజమైన కాగితం ఒకటి వాడి చేతిలో ఉంటే వాడికి మేలు.

మా అక్క కూతురి ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ పిల్ల ఏనాడూ ఎవరినీ కొట్టలేదు, ఎదురు మాట్లాడలేదు. కిటికీ లోంచి చూస్తూ కూర్చునేది. రిమార్కుల్లో “మంచి పిల్ల, కాస్త ధ్యాస పెట్టాలి” అని ఉండేది. ఆడపిల్లల్లో ఏడీహెచ్‌డీ ఎక్కువగా ఇలా నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకే కనిపెట్టడం ఆలస్యమవుతుంది. ఇంటర్ మొదటి ఏడాదిలో ఆ పిల్లకు గుండె దడ, చేతులు వణుకు, పరీక్ష హాల్లో ఊపిరాడకపోవడం వచ్చాయి. యాంగ్జయిటీకి మందులు వాడారు. దాని కింద ఏముందో చూడటానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

మా వాడి వైద్యం గురించి ఒక ముక్క. డాక్టరమ్మ ముందు డిప్రెషన్ సంగతి చూసింది. నిద్ర, తిండి, బతకాలన్న కోరిక ముందు; చదువు తర్వాత. అది తేరుకున్నాకే ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టింది. ఆకలి తగ్గింది, డోసు సర్దింది. మందు పనిచేసింది, దాని గురించి నాకు అపనమ్మకం లేదు. కానీ మందు వాడి ధ్యాసను నిలిపింది, మా ఇద్దరి మధ్య పదేళ్లు పేరుకున్న అలవాటును తీసెయ్యలేదు. దానికి మేం వారం వారం కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది: ఒక్కసారే చెప్పడం, చెప్పింది చెయ్యడం, బాగున్నప్పుడు ఆ సంగతి నోరు తెరిచి అనడం. అర్ధరాత్రి భయమేసిన రెండుసార్లు సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు.

కిందటేడాది జూన్‌లో వాడిని ఇంటర్‌లో చేర్పించడానికి వెళ్లాం. హాస్టల్ లేని కాలేజీ చూసుకున్నాం, ఇంటికి ఒక బస్సు దూరం. దరఖాస్తులో రక్తం గ్రూపు అడిగారు, కులం అడిగారు, ఒంటి మీది పుట్టుమచ్చలు రెండు రాయమన్నారు. నేను ఇంట్లో రాసుకొచ్చిన పేజీ తీసి కౌంటర్లో ఉన్న క్లర్కుకు ఇచ్చాను. ముందురోజు రాత్రి దాన్ని వాడికి చదివి వినిపించాను. “ఎదురు మాట్లాడతాడు” అన్న చోట వాడు పెన్ను తీసుకుని కొట్టేసి, “డౌట్ అడిగితే తిట్టొద్దు” అని రాశాడు. ఒత్తు సరిగానే పడింది.

క్లర్కు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది ఏ కాలమ్‌లకొస్తదమ్మా?” అంది. ఏ కాలమ్‌లోకీ రాదన్నాను. ఆమె ఒకసారి వాడి మొహం చూసింది, మళ్లీ పేజీ చూసింది, మొదటి నుంచి చివరిదాకా చదివింది. వెనక లైనులో జనం గొణుగుతున్నారు. కాండక్ట్ సర్టిఫికెట్ జిరాక్సుకు వెనక పెట్టి స్టేప్లర్ నొక్కింది. మొదటిసారి పిన్ను వంగిపోయింది. పీకేసి, మళ్లీ గట్టిగా నొక్కింది.